చింతగింజంత బొమ్మ

ఏసయ్య ఈపూరు నుంచి నాలుగు మైళ్లు సైకిలు తొక్కుకుంటూ వచ్చి, బండమీదిపాలెం చావడి గోడకు ఒక గుడ్డ పటం తగిలించాడు. పటం మీద ఒక పురుగు బొమ్మ. దానికి ఒకటే కన్ను, నెత్తిన రెండు పొడుగాటి మీసాలు, నడుముకు అటొకటి ఇటొకటి గుడ్ల సంచులు, చీలిన తోక. చేటంత ఉంది.

"ఏటేటా ఎండాకాలం మీ కాళ్లలోనుంచి నారి పురుగు బయటికి వస్తున్నది కదా, అది మీ ఒంట్లోకి ఎట్లా పోతున్నదో చెబుదామని వచ్చాను" అన్నాడతను. "మీ దిగుడుబావి నీళ్లలో ఈ ఒంటికన్ను పురుగు ఉంటుంది. నారి పురుగు పిల్లలు దీని కడుపులో చేరతాయి. మీరు నీళ్లతోపాటు దీన్ని మింగుతారు. ఏడాది తిరిగేసరికి లోపలి పిల్ల మూరెడు పొడుగై కాలు చీల్చుకుని వస్తుంది."

మునసబు వెంకటప్పయ్య అరుగు మీదినుంచి దిగి, పటం దగ్గరికి వచ్చి, కింది నుంచి పైదాకా చూశాడు. చుట్ట నోట్లోంచి తీశాడు.

"ఏమయ్యా, ఇంత పురుగు మా ఆడోళ్ల బిందె మూతిలో పడుద్దా?"

జనం నవ్వారు. వెంకటప్పయ్యకు ఇంకా ఊపొచ్చింది.

"మా తాత తవ్వించిన బావి అది. చేపలు చూశాం, కప్పలు చూశాం. చేటంత పురుగుంటే మా కంటపడకుండా ఎక్కడ దాక్కుందంటావు? పట్టుకున్నోళ్లకి పొట్టేలును బహుమానం ఇస్తా!"

ఈసారి చావడి గోడలు కూడా నవ్వినట్టయింది. పాపం ఏసయ్య రెంటచింతల మిషను బడిలో చదువు మొదలుపెట్టి, చెన్నపట్నం పోయి జంతుశాస్త్రంలో పెద్ద పట్టా పుచ్చుకున్న మనిషి. పరిశోధనకు ఎక్కడికి వెళతావంటే, మా పల్నాడే పంపండని అడిగి మరీ వచ్చాడు. ప్రశ్న ఎంత గడ్డుదైనా జవాబు చెప్పగలడు గానీ, నవ్వుకు జవాబు చెప్పడం ఏ కాలేజీలోనూ నేర్పరు. మొహం ఎర్రబడింది. పటం చుట్టేస్తూ, "బావిలో దిగి సీసాడు నీళ్లు పట్టుకోవచ్చా?" అని మాత్రం అడిగాడు.

వెంకటప్పయ్య నవ్వు ఆపాడు. తర్వాతి మాట అతను కోపంగా కూడా అనలేదు. ఎండ ముదిరింది నీడకు రమ్మన్నంత మామూలుగా అన్నాడు.

"నువ్వు దిగటమేంది? మీ పల్లెవాళ్లు ఎవరన్నా ఆ మెట్ల మీద కాలు పెట్టారా ఇప్పటిదాకా? ఎవరో ఒకరు పోస్తార్లే, పట్టుకుపో."

బావి గట్టున ఏసయ్య రెండు చేతులా సీసా పట్టుకుని నిలబడ్డాడు. ఒకావిడ చేతులు బాగా పైకెత్తి, తగలకుండా, బిందెతో ధార వదిలింది. సగం నీళ్లు సీసాలో పడ్డాయి, సగం అతని తెల్ల చొక్కా మీద పడ్డాయి.

ఇదంతా రామాయమ్మ చూసింది. ఆమె తోలుబొమ్మలాట మనిషి. నరసరావుపేట నుంచి మొగుడితో, మరిదితో, తోడికోడలితో ఊరూరా ఆడుకుంటూ వచ్చి, మొగుడు వెంకోజీ కాలు వాచిపోవడంతో పది రోజులుగా ఈ ఊళ్లో చావడి వెనక పాకలో ఆగిపోయింది. ఆట పెట్టించమని మునసబును అడగడానికి వచ్చిందల్లా ఆ సంగతి మర్చిపోయి బావి గట్టు దాకా నడిచింది. నీళ్లలో ఏముందో చెప్పడానికి వచ్చిన మనిషికి నీళ్లు అంటరాకపోవడం ఏమిటో ఆమెకు అర్థం కాలేదు. ఊళ్లు తిరిగి బతికే తమకైనా ఆ మెట్లు దిగే వీలుంది. ఇంత చదువు చదివినవాడికి లేదు.

"అయ్యగారూ, మా పాకకి రండి. మావాడి కాలు చూద్దురుగానీ" అంది, నలుగురూ వినేటట్టే.

పాకలో వెంకోజీ కాలు చాపుకుని కూర్చున్నాడు. చీలమండ దగ్గర పుండు. పుండులోంచి తెల్ల దారంలాంటి పురుగు జానెడు బయటికొచ్చింది. దాన్ని తెగకుండా చీపురుపుల్లకు చుట్టి, రోజుకింత రోజుకింత లాగుతున్నాడు. తెగిందా, కాలు కాలు కాదు. తోలుబొమ్మలాటలో బొమ్మలాడించేది చేతులే అయినా యుద్ధం వచ్చినప్పుడు కాళ్లకింద చెక్క బల్లలు ధనధనా తొక్కాలి. పల్నాట్లో బల్ల తొక్కడంలో వెంకోజీ పేరు చెప్పి మరొకరి పేరు చెప్పేవారు. ఇప్పుడు పాయఖానాకు పోవాలన్నా భార్య భుజం కావాలి.

ఏసయ్య చాప మీద గొంతుక్కూర్చుని పుండు చూశాడు. "మంటగా ఉంటుందా?"

"నిప్పుల్లో పెట్టినట్టుంటది. బావి అడుగు మెట్టు మీద కూకోని నీళ్లల్లో పెడితే సల్లంగా ఉంటది" అన్నాడు వెంకోజీ.

ఏసయ్య కళ్లు మూసుకున్నాడు. "పురుగు మంట పెట్టేది అందుకే. నువ్వు నీళ్లలో కాలు పెట్టాలనే. పెట్టగానే వేల పిల్లల్ని వదులుతుంది. వాటిని ఆ ఒంటికన్నుది తింటుంది, దాన్ని ఊరంతా తాగుతుంది."

వెంకోజీ మొహం పాలిపోయింది. పది రోజులుగా రోజుకు రెండుసార్లు పెట్టాడు.

ఏసయ్య సీసాలోని నీళ్లను ఎండకు పెట్టి చూసి పెదవి విరిచాడు. బిందె ముంచింది బావి నడిమధ్య, పైపైన. దాంట్లో ఏమీ లేదు. సంచిలోంచి పిడికెడంత సన్నగుడ్డ వల తీసి రామాయమ్మ చేతికిచ్చాడు. "అక్కా, అడుగు మెట్టు పక్కన, పాచి దగ్గర, బురద కదలకుండా మెల్లిగా తిప్పాలి. దోసెడు నీళ్లు చాలు."

రామాయమ్మ వెళ్లి తెచ్చింది. అప్పటికతను పాక ముందు ఎండలో ఇత్తడి సూక్ష్మదర్శిని నిలబెట్టి, దాని కింది చిన్న అద్దాన్ని సూర్యుడి వైపు తిప్పుతున్నాడు. గాజు పలక మీద ఒక చుక్క వేసి, "ఒక కన్ను మూసి చూడు" అన్నాడు.

మొదట ఆమెకు తన రెప్పల వెంట్రుకలే కనిపించాయి. తర్వాత గుండ్రంగా వెలుగు తేలింది. ఆ వెలుగులోకి ఎగిరెగిరి పడుతూ వచ్చింది అది. ఒకటే కన్ను, ఎర్రగా కుంకుమ చుక్కలా. ఒళ్లంతా గాజు. లోపల పేగు కనిపిస్తోంది, పేగు పక్కన చుట్టచుట్టుకుని కదులుతున్న వెంట్రుక లాంటి పిల్ల కనిపిస్తోంది.

రామాయమ్మ తల ఎత్తింది. మొహంలో భయం లేదు, ఎవరో చుట్టం కనిపించినంత సంబరం.

"అయ్యగారూ, ఇది మా బొమ్మ గదా! ఎలుగు ఎనకాల, బొమ్మ ముందర, తోల్లోంచి ఎలుగు దూరి వస్తంది. మీ గొట్టంలో ఉంది మా తెరే!"

ఏసయ్యకు ఈ మాట అప్పటిదాకా ఎవరూ చెప్పలేదు. ఆమె మళ్లీ గొట్టం మీదికి వంగింది.

"ఇంతకీ నిజంగా ఎంతుంటది ఇది?"

"ఆవగింజలో సగం కూడా ఉండదు."

"మరి మీరు గుడ్డమీద చేటంత గీసి పట్టుకొచ్చారేంది?"

"కనపడాలని పెద్దది చేసి చూపించాను."

"పెద్దది చెయ్యటం మీరు సూపించలా అయ్యగారూ. పెద్దదాన్ని సూపించారు. ఎవరు నమ్ముతారు? ఆళ్లు నవ్వారంటే నవ్వరూ మరి!"

ఏసయ్య నొచ్చుకోలేదు. పటం చుట్టను ఒళ్లో పెట్టుకుని, ఆ రెండు మాటల మధ్య తేడాను తనలో తాను రెండుసార్లు అనుకున్నాడు. తర్వాత, "నువ్వు చూపించగలవా అక్కా?" అని అడిగాడు.

రామాయమ్మ చూపిస్తానంది. ఎట్లా చూపించాలో మాత్రం ఆమెకు అప్పటికి తెలియదు.

మర్నాడంతా పాకలో ఉలి చప్పుడే. చింతమొద్దు మీద మేకతోలు పరిచి, సూదిగంటంతో గీత గీసి, చిన్న ఉలితో చుక్కచుక్కగా తొలుస్తోంది రామాయమ్మ. వెంకోజీ మంచం మీదినుంచి సణుగుతూనే ఉన్నాడు.

"వినాయకుడి బొమ్మ ఉన్న బుట్టలో పురుగును పెడతావంటే? మా తాతలనాటి బుట్ట అది."

"రాక్షసుల్ని పెట్టట్లా? ఎడం పక్క రాక్షసుల్లో పెడతా. ఈళ్లందరికంటే ఇదే ఎక్కువమందిని పడగొట్టింది. నిన్ను కూడా కలిపి."

వెంకోజీ కాలి దగ్గరి చీపురుపుల్లను ఇంకో చుట్టు తిప్పాడు.

సాయంత్రం ఏసయ్య వచ్చేసరికి బొమ్మ తయారు. రెండు మూరల పురుగు. లక్క ఎరుపు కన్ను, ఆకుపచ్చ ఒళ్లు. అంతటితో ఆగలేదు, రామాయమ్మ దానికి నోట్లో రెండు కోరలు, చెవులకు కుండలాలు, మెడలో ఎముకల దండ కూడా పెట్టింది. ఏసయ్య దాన్ని చూసి నవ్వాపుకోలేకపోయాడు.

"అక్కా, దీనికి కోరలు లేవు."

"కోరలు లేకపోతే భయం ఎట్టా పుట్టుద్ది?"

"నిన్న నువ్వు చూసినదానికి కోరలున్నాయా? నీకు ఒళ్లు జలదరించలేదా? ఉన్నది ఉన్నట్టే భయం. లేనిది ఒక్కటి కలిపినా రేపు గొట్టంలో చూసినవాళ్లు, కోరలేవీ అంటారు. అప్పుడు మనం చెప్పినదంతా అబద్ధమవుతుంది." అతను ఆగి, కాస్త కొంటెగా అన్నాడు. "పైగా ఇది చేటంత ఉంది. ఏ తప్పుకు నన్ను తిట్టావో అదే నువ్వూ చేశావు."

రామాయమ్మ నాలుక కరుచుకుంది. తను నిన్న అంత గడుసుగా చెప్పిన మాట తనకే గుర్తులేకపోయింది. చేతికి అలవాటైన కొలత అది. తెర మీద నిలవాలంటే రెండు మూరలుండాలి, చెడ్డదంటే కోరలుండాలి, నలభై ఏళ్లుగా చేతికి తెలిసింది అంతే. చెయ్యి చేసేది చేస్తుంటే బుర్ర ఊరుకుంది. ఆమె ఆ బొమ్మను తీసి మొద్దు కింద పడేసింది. మూడు జాముల కష్టం, చూడనైనా చూడలేదు.

"గొట్టం ఇంకోసారి పెట్టండి. ఈసారి అచ్చంగా సూత్తా."

పొద్దువాలేదాకా చూసింది. మీసాలకు ఎన్ని కణుపులో, తోక ఎక్కడ చీలిందో లెక్కపెట్టింది. ఎగరడానికి ముందు అది ఒక్క క్షణం ఆగడం కనిపెట్టి, ఆ ఆగడాన్ని మణికట్టుతో నాలుగైదుసార్లు గాల్లో చేసి చూసింది. ఏసయ్య ఏడాదిగా ఆ పురుగును చూస్తున్నాడు. ఆ ఆగడం అతను చూడలేదు. జేబులోంచి పుస్తకం తీసి రాసుకున్నాడు.

"ఏంది రాసుకుంటున్నారు?"

"నువ్వు చెప్పింది."

రామాయమ్మ సిగ్గుపడి కొంగు సర్దుకుంది. ఎవరూ తను చెప్పింది రాసుకోవడం ఆమె ఎరగదు. ఆ రోజు నుంచి ఆమె అయ్యగారూ అనడం మానేసి తమ్ముడూ అంది.

మూడోనాడు మూటలోంచి మేకపిల్ల తోలు తీసింది. సున్నపునీళ్లలో నానబెట్టి, బొచ్చు గీకి, ఉల్లిపొర అయిందాకా సాగదీసిన తోలు. అందులో చింతగింజంత ముక్క కోసి, ఉలి పక్కన పెట్టేసి కుట్టుసూదితో తొలిచింది. ఊపిరి బిగబట్టి ఒక్కో చుక్కా. కడుపులో పిల్లకు సూదిమొనతో చుట్టగా ఏడు బెజ్జాలు. కన్ను మాత్రం ఆఖరున లక్క ఎరుపుతో దిద్దింది, ఏ బొమ్మకైనా వాళ్ల ఆనవాయితీ అదే. నరసరావుపేటలో ఎంత పెద్ద బొమ్మ చేసినా ఆమెకు ఇంత చెమట పట్టలేదు.

సాయంత్రం పాకలో తెర కట్టి చూశారు. తెర వెనక వరసగా ఆరు ఆముదం దీపాలు. గింజంత బొమ్మను తెరకు ఆనిస్తే గింజంత నీడ. దాన్ని వెనక్కి, దీపాల వైపు లాగితే నీడ పెరుగుతుందని బొమ్మలాటలో పుట్టినవాళ్లకు చెప్పక్కర్లేదు. రామాయమ్మ లాగింది. నీడ పెరిగింది, పెరుగుతూనే అలికేసినట్టయింది. కన్ను లేదు, పిల్ల లేదు, మసకగా ఒక మచ్చ.

ఆమె మరోసారి లాగింది, ఇంకోసారి లాగింది. చతికిలబడింది. "పోయింది తమ్ముడూ. పెద్దదైతే చెదిరిపోతంది. అందుకే గదా మేం ఎప్పుడూ తెరకి ఆనించే ఆడేది."

ఏసయ్య దీపాల వరస చూశాడు, తెర చూశాడు. "ఆరు దీపాలు ఆరు నీడలు వేస్తున్నాయక్కా. ఒకదానిమీద ఒకటి పడి కలిసిపోతున్నాయి. దీపం ఒక్కటే ఉండాలి. అదీ బఠాణీ గింజంతే ఉండాలి."

"ఒక్క దీపంతో ఆటా!" అన్నాడు మంచం మీదినుంచి వెంకోజీ.

ఏసయ్య బయటికి పోయి సైకిలుకున్న కార్బైడు దీపం ఊడదీసుకొచ్చాడు. ముందరి గాజు తీశాడు, వెనక మెరిసే గిన్నె తీశాడు. కుప్పెలోని కార్బైడు గడ్డల మీదికి నీటిచుక్కలు వదిలి అగ్గిపుల్ల గీస్తే బఠాణీ గింజంత తెల్లటి మంట నిలబడింది. రామాయమ్మ ఆరు ఆముదం దీపాలనూ ఆర్పింది. సన్నని వెదురు పుల్ల చివర బొమ్మను పెట్టి, తన చెయ్యి మంటకు దిగువగా ఉండేట్టు చూసుకుంటూ, మెల్లిగా వెనక్కి లాగింది.

చింతగింజ అరచేయి అయింది, జల్లెడ అయింది, చేట అయింది, తెరంతా అయింది. ప్రతి కణుపూ కనిపిస్తోంది. ఎర్ర కన్ను నిప్పులా ఉంది. కడుపులో ఏడు వెలుగు చుక్కలు చుట్టగా వణుకుతున్నాయి.

ఏసయ్య తెర ముందుకు పరిగెత్తి, మళ్లీ వెనక్కి పరిగెత్తి వచ్చాడు. ఆ పట్టభద్రుడు చిన్నపిల్లాడిలా చప్పట్లు కొట్టాడు. వెంకోజీ మంచం మీద లేచి కూర్చున్నాడు. తెర వంక చాలాసేపు చూసి, "ఏమే, ఆ బల్లలు ఇటు పడెయ్యి" అన్నాడు. "కాలు లేకపోతే చేతులు లేవా నాకు? అది ఎగిరినప్పుడు దెబ్బ పడకపోతే ఏం బాగుంటది?"

ఆట పెట్టుకోవడానికి మునసబు ఒప్పుకున్నాడు. ఒప్పుకుంటూనే రామాయమ్మతో ఒక మాటన్నాడు. "ఆ పురుగులాయన మీ తెరలో కూకుంటాడేమో. దేవుళ్ల బొమ్మలుండే చోటు. బాగుండదు."

రామాయమ్మ చేతులు కట్టుకునే చెప్పింది, గొంతు మాత్రం కట్టుకోలేదు. "బాబుగారూ, తెర బయట ఊరు మీది. తెర లోపల మా ఇల్లు. మా ఇంట్లో ఎవరు కూకోవాలో మా తాతలనాటినించీ మేమే సెప్పుకుంటున్నాం." బొమ్మలాట తెర లోపలికి ఊరి పెత్తనం రాకపోవడం ఆ ప్రాంతంలో అందరికీ తెలిసిన పద్ధతే. వెంకటప్పయ్య చుట్ట వెలిగించుకుని ఊరుకున్నాడు.

నాలుగోనాడు దీపాలు పెట్టిన గంటకే చావడి ముందు జనం కిక్కిరిశారు. మునసబు తల్లి ఆదిలక్ష్మమ్మను మంచంతో సహా తెచ్చి ముందు వరసలో వేశారు. ముసలావిడకు రెండు కాళ్లలోనూ నారి పురుగే. ఆడవాళ్లలో ఆవిడ మాటకు ఎదురులేదు.

వినాయకుడి పూజ అయింది. మరిది మద్దెల వాయిస్తుంటే, తోడికోడలు పాడుతుంటే, తెర మీద దిగుడుబావి మెట్లు వచ్చాయి. ఒక కుంటివాడు మెట్లు దిగి కాలు నీళ్లలో పెట్టి హాయి హాయి అన్నాడు. కొంతమంది అది వెంకోజీయేనని నవ్వారు, కొంతమంది తమ కాళ్లు చూసుకున్నారు. తర్వాత బిందెతో ఒకావిడ వచ్చింది. ఆముదం దీపాలు ఆరిపోయాయి. రామాయమ్మ పక్కనే కూర్చున్న ఏసయ్య కార్బైడు కుప్పె తిప్పాడు. ఒక్క తెల్లని వెలుగు నిలిచింది.

బిందె మూతి దగ్గర గింజంత నీడ ఎగిరిపడింది.

"ఒసే బిందె సుందరీ, నీళ్లల్లో పురుగుందే!" అంది రామాయమ్మ కుంటివాడి గొంతుతో.

"ఏదీ? ఏదీ?" జనంలోంచే అరిచారు.

"కనపళ్లేదా?" అంది రామాయమ్మ తన సొంత గొంతుతో. "కనపడదు. కనపడదు గనకే తాగుతున్నాం."

ఎవరూ నవ్వలేదు. ఆమె పుల్లను వెనక్కి లాగింది. బిందె బిందెంతే ఉంది, ఆడమనిషి ఆడమనిషంతే ఉంది. పురుగు మాత్రం జల్లెడయి, చేటయి, ఆడమనిషిని మించి, తెరను నింపేసి, ఒక్క ఎర్ర కంటితో ఊరంతటినీ చూసింది. ఒక క్షణం ఆగి ఎగిరింది. వెంకోజీ రెండు చేతులా బల్ల మీద ధనాలుమని వేశాడు. ముందు వరసలో ఆడవాళ్లు కెవ్వుమన్నారు.

రామాయమ్మ బొమ్మను అక్కడితో వదల్లేదు. మళ్లీ మెల్లిగా ముందుకు తెచ్చి, కుదించి, కుదించి, బిందె మూతి మీద గింజంత చేసి కూర్చోబెట్టింది. మళ్లీ పెంచింది. మళ్లీ కుదించింది. మూడోసారికి ఆదిలక్ష్మమ్మ మంచం మీదినుంచి గట్టిగా అంది.

"ఒరేయ్ వెంకటప్పయ్యా! మొన్న పటంలోదీ ఇదీ ఒకటేరా. ఆ అబ్బాయి పెద్దది చేసి చూపిచ్చాడు. మనకి తెలవక నవ్వాం."

తెర వెనక ఏసయ్య సగం లేచాడు, మంట ఊగింది. రామాయమ్మ ఎడంచేత్తో అతని మణికట్టు పట్టుకుని కూర్చోబెట్టింది. ఆట ఇంకా అవలేదు. బిందె మూతికి తడిగుడ్డ అడ్డంగా వచ్చింది. నీళ్లు దిగాయి, పురుగు గుడ్డ మీదే మిగిలిపోయింది. చావడి ముందు ఈలలు చెలరేగాయి.

వెంకటప్పయ్య లేచి నిలబడ్డాడు. ఒప్పుకోవడం అతనికి అంత తేలిక కాదు. "బొమ్మలాటోళ్లు గాడిదను గుర్రం చేస్తారు. కళ్లారా అసలుది చూపిస్తే అప్పుడు నమ్ముతా" అన్నాడు.

ఏసయ్య తెర పక్కనుంచి బయటికొచ్చాడు. చేతికి మసి, చొక్కాకు కార్బైడు వాసన. "రేపు పొద్దున బావి దగ్గర చూపిస్తాను" అన్నాడు.

తెల్లారి ఎండ పడేసరికి ఊరు ఊరంతా బావి చుట్టూ ఉంది. గట్టున ఒకపక్క ఆదిలక్ష్మమ్మ మంచం, ఒకపక్క పీట మీద సూక్ష్మదర్శిని. వల రామాయమ్మ చేతికిస్తారనే అందరూ అనుకున్నారు. వెంకటప్పయ్య అదే అన్నాడు.

"నేను దిగను బాబుగారూ" అంది రామాయమ్మ. "నా చేతి నీళ్లయితే ఇదీ బొమ్మలాటే అంటారు. వల ఆయనది, చదువు ఆయనది. ఆయన్నే దిగనియ్యండి."

అంత మాట తన నోటినుంచి ఎట్లా వచ్చిందో రామాయమ్మకే తెలియదు. ఈ ఊళ్లోనే కాదు, చుట్టుపక్కల పది ఊళ్లలో తమను ఆట ఆడనివ్వకుండా చేయగల మనిషి ఎదురుగా ఉన్నాడు. అయినా ఆమె మాట వెనక్కి తీసుకోలేదు.

వెంకటప్పయ్య మొహం తిప్పుకుని పాలేరు అంకయ్యను పిలిచాడు. అంకయ్య వల పట్టుకుని దడదడా దిగి, గిత్తను కడిగినట్టు నీళ్లలో నాలుగు తిప్పులు తిప్పి, బిరబిరా ఎక్కొచ్చాడు. ఏసయ్య ఏమీ అనకుండా అందులోంచి ఒక చుక్క గాజుమీద వేశాడు. వెంకటప్పయ్య వంగి ఒక కన్ను మూసి చూశాడు.

"ఏముంది?" జనం అడిగారు.

"బురద" అన్నాడు వెంకటప్పయ్య.

ఎవరో కిసుక్కున నవ్వారు. అంకయ్య మళ్లీ దిగాడు. మళ్లీ బురదే. మూడోసారికి నీళ్లన్నీ కలకబారి అడుగు మెట్టు కూడా కనపడలేదు. ఏసయ్య గట్టు మీద, తనకు గీసిన గీతకు ఇవతల, ఓపిగ్గా నిలబడి ఉన్నాడు.

"నీళ్లు తేరుకోవాలి" అన్నాడతను మెల్లిగా. "అరగంట పడుతుంది. తర్వాత పాచి పక్కన, తెలిసిన చెయ్యి తిప్పాలి."

ఆ అరగంటా ఎవరూ ఇళ్లకు పోలేదు. ఎండ మెట్టు మెట్టు దిగి నీళ్ల మీదికి చేరింది. ఆదిలక్ష్మమ్మ మంచం కోడు పట్టుకుని లేచి కూర్చుంది.

"నా కాళ్లు రెండూ పోయినయ్యి. రేపు నీ పిల్లల కాళ్లు పోతయ్యి. మెట్లు మైలపడతయ్యని కూకుంటావా, ఇందులో ఇంతకంటే మైల ఏముందిరా పడటానికి?"

వెంకటప్పయ్య తల్లి కాళ్ల వైపు చూశాడు. పుండ్ల మీద పసుపుగుడ్డలు. చుట్ట పారేశాడు. ఎవరి మొహమూ చూడకుండా, బావిలోకి చూస్తూ, గొంతు సవరించుకున్నాడు.

"ఏసయ్యగారూ, దిగండి."

గారూ అన్న మాట ఆ గట్టున అందరికీ వినపడింది. ఊరవతలి పల్లె నుంచి వచ్చి దూరంగా నిలబడ్డ ఆడవాళ్లకు కూడా వినపడింది. రామాయమ్మకు కళ్లలో నీళ్లు తిరిగాయి. తుడుచుకోలేదు.

ఏసయ్య చెప్పులు విడిచి, పంచె పైకి దోపి, ఒక్కొక్క మెట్టూ దిగాడు. పద్దెనిమిది మెట్లు. అడుగు మెట్టు మీద మోకాలు వేసి, పాచి పక్కన వలను నీడ కదిలినంత మెల్లిగా తిప్పాడు. దోసెడు నీళ్లతో పైకెక్కి వచ్చి చుక్క వేసి, అద్దం సవరించి, పక్కకు జరిగాడు.

వెంకటప్పయ్య వంగాడు. చాలాసేపు వంగే ఉన్నాడు. లేచినప్పుడు మొహం మీద చెమట. "కడుపులో కూడా ఉందిరా దానికి" అన్నాడు ఎవరితోనో, అందరితోనూ. "రామాయమ్మ చేసినట్టే ఉంది. కన్ను కూడా."

అప్పుడు మొదలైంది తొక్కిసలాట. నేను ముందంటే నేను ముందని ఊరంతా ఎగబడింది. రామాయమ్మ పీట పక్కన నిలబడి, "ఒక కన్ను మూసుకోవే, రెండూ గాదు!" అని ఆడవాళ్లను అదిలిస్తూ వరస కట్టించింది. చూసినవాళ్లు చూసినట్టు అరుస్తున్నారు. చూడనివాళ్లు వాళ్లను లాగేస్తున్నారు. ఆ సందట్లో పల్లె ఆడవాళ్లు కూడా వరసలోకి వచ్చి నిలబడ్డారు, పొమ్మనడం ఎవరికీ తోచలేదు. ఏసయ్య గుక్క తిప్పుకోకుండా జవాబులు చెబుతున్నాడు. గుడ్డతో వడపోస్తే చాలా? చాలు, కాచినా చాలు. అసలు రాకుండా చేయాలంటే? పుండున్న కాలు నీళ్లలో పడకూడదు. పైన గట్టుకట్టి గిలక వేయాలి, చేదతో తోడుకోవాలి.

వెంకటప్పయ్య ఆ చివరి మాట విన్నాడు. బావి చుట్టూ ఒకసారి నడిచాడు. తాత తవ్వించిన మెట్లు, నున్నగా అరిగిన నాపరాళ్లు. అతనికి ప్రాణం ఉసూరుమనే ఉంటుంది. ఆగి, అంకయ్యను పిలిచి, ఊరందరికీ వినపడేటట్టు చెప్పాడు.

"గడ్డపారలు తీసుకురా. బండి కట్టి కొండ రాయి తోలు. ఇవాళ్టినించి ఈ మెట్లు ఎవరికీ లేవు. నాకూ లేవు."

మధ్యాహ్నానికి మొదటి బండి రాయి వచ్చింది. మర్నాటి సాయంత్రానికి మెట్ల దారి మొత్తం రాళ్లతో పూడిపోయింది, గట్టు మీద గిలకకు తాటిదూలాలు నిలిచాయి. నాలుగు తరాలుగా ఆ ఊరు దిగి ఎక్కిన మెట్లు అవి. వాటిని ఆఖరుగా దిగి, ఆఖరుగా ఎక్కిన మనిషి రెంటచింతల ఏసయ్య.